గర్భాశయ కణుతులు - హార్మోను చికిత్సలు: చారిత్రక, తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

స్త్రీల గర్భాశయంలో ఏర్పడే ఫైబ్రాయిడ్ కణుతులకు శస్త్రచికిత్సతో పాటు హార్మోను చికిత్సలూ నూరేళ్లకు పైగా ప్రయోగింపబడుతూ వచ్చాయి. అండాశయాల తొలగింపు మొదలుకొని నేటి నోటిమాత్రల వరకు సాగిన ఈ క్రమాన్ని పరిశీలించి, ఒక చికిత్సను మరొకదానితో పోల్చేటప్పుడు వైద్యలోకం ఏ కొలమానాన్ని వాడింది, ఆ కొలమానం ఎప్పుడెప్పుడు మారింది అన్న విషయాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. గర్భాశయ తొలగింపు దేశంలోకెల్లా ఎక్కువగా నమోదైన రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం చివరి భాగంలో పరిశీలించబడింది.

కీలకపదాలు: గర్భాశయం, ఫైబ్రాయిడ్, రక్తగుల్మం, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, ముట్లుడగడం, గర్భాశయ తొలగింపు.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట ఆడవాళ్ల మాటల్లో "గర్భసంచిలో గడ్డ" అన్నది పరిచితమైన పలుకుబడి. స్కానింగు రిపోర్టులో అదే "ఫైబ్రాయిడ్". వైద్యగ్రంథాల్లో "లియోమయోమా". పత్రికల ఆరోగ్య పుటల్లో ఒకచోట కణితి, ఒకచోట కంతి, మరోచోట గడ్డ. ఈ మాటల్లో ఏదీ తప్పు కాదు. కాని "గడ్డ" అనగానే వినేవారి మనసులో "క్యాన్సరేమో" అన్న భయం పుడుతుంది. ఫైబ్రాయిడ్ గర్భాశయపు కండరంలో పుట్టే కణుతి. అది క్యాన్సరుగా పరిణమించడం అత్యంత అరుదు. ఈ ఒక్క వాక్యం రోగికి తన భాషలో అందుతుందా లేదా అన్నదానిమీద ఆమె ఆపరేషనుకు తలూపడమో, కొంతకాలం ఆగి చూడడమో ఆధారపడి ఉంటుంది. వైద్యుణ్ణి కాని భాషాశాస్త్ర, సాహిత్య విద్యార్థిని ఈ అంశంలోకి రావడానికి కారణం ఇదే.

ఈ కణుతులు ఎంత సర్వసాధారణమో 2003లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. వాషింగ్టన్ నగర ప్రాంతంలో 35 నుండి 49 ఏళ్ల స్త్రీలను పరీక్షించి, 50వ ఏడు వచ్చేసరికి నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా, తెల్లజాతి స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి కణుతులు ఏర్పడతాయని అంచనా వేశారు. వీరిలో చాలామందికి ఏ బాధా ఉండదు. బాధ ఉన్నవారికి అది రెండు మూడు రూపాల్లో వస్తుంది: నెలనెలా అధిక రక్తస్రావం, దానివల్ల రక్తహీనత, పొత్తికడుపులో బరువు, నొప్పి, కొందరికి సంతానం కలగడంలో అవరోధం. చికిత్స కావలసింది ఈ బాధలకు. కణుతి ఉండడమే చికిత్సకు కారణం కాదు. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటే రాబోయే చరిత్ర సుబోధకమవుతుంది.

2. పేరు పుట్టుక:

చరకసంహిత నిదానస్థానంలో గుల్మాలను వివరించే అధ్యాయంలో స్త్రీలకు మాత్రమే వచ్చే ఒక గుల్మం ప్రసక్తి ఉంది. దాన్ని శోణితగుల్మమని, రక్తగుల్మమని వ్యవహరించారు. ముట్టు ఆగి, కడుపు పెరిగి, గర్భాన్ని పోలిన లక్షణాలు కనబడతాయని, గర్భమేమో అని భ్రమపడే ప్రమాదం ఉన్నందున పదినెలలు గడిచాకే చికిత్స చేయాలని ఆ సంప్రదాయం విధించింది. దీన్ని నేటి ఫైబ్రాయిడ్‌తో సమానం చేసి రాసే వ్యాసాలు తెలుగులో తరచూ కనిపిస్తాయి. ఇది తొందరపాటు. గర్భాన్ని పోలిన ఆ లక్షణాలు వేరే వ్యాధులకూ వర్తిస్తాయి. పైగా ఫైబ్రాయిడ్ ఉన్నవారికి ముట్టు ఆగడం కంటే అధికంగా కావడమే సాధారణం. అయినా ఆ అధ్యాయంలో ఒక అంశం నన్ను నిలిపివేసింది. ఈ వ్యాధి స్త్రీకి ఎందుకు వస్తుందో చెబుతూ, ఆమె పరాధీనత, తెలియనితనం, నిత్యం ఇతరుల సేవలో మునిగి తన శరీరవేగాలను అణచుకోవడం అనే కారణాలను గ్రంథకారుడు పేర్కొన్నాడు. శరీరశాస్త్రంగా ఇది నేడు నిలవదు. సామాజిక పరిశీలనగా మాత్రం కొట్టిపారేయలేము.

ఐరోపాలో మాథ్యూ బెయిలీ 1793లో ప్రచురించిన రోగశరీర గ్రంథంలో ఈ కణుతుల వర్ణన ఉంది. ఇవి నునుపు కండర కణాల నుండి పుడతాయని రుడాల్ఫ్ విర్షో 19వ శతాబ్ది మధ్యలో నిరూపించాడు. "ఫైబ్రాయిడ్" అన్న పేరు 1860లలో వాడుకలోకి వచ్చింది. ఆ పేరు నారకణజాలాన్ని సూచిస్తుంది, కణుతి పుట్టేదేమో కండరం నుండి. శాస్త్రం సరిదిద్దినా పేరు మారలేదు.

3. మందుకు ముందు కత్తి:

1843లో మాంచెస్టర్‌లో చార్లెస్ క్లే ఉదరం కోసి గర్భాశయాన్ని తొలగించాడు, రోగి బతకలేదు. 1853లో అమెరికాలోని లోవెల్ పట్టణంలో వాల్టర్ బర్నమ్ చేసిన తొలగింపులో రోగి బతికింది. అప్పటికి క్రిమిరహిత శస్త్రవిధానం లేదు, మత్తుమందు వచ్చి ఏడేళ్లే అయింది. అటువంటి కాలంలో గర్భాశయం జోలికి పోవడమంటే ప్రాణంతో చెలగాటమే.

ఈ భయం నుండే హార్మోను చికిత్స చరిత్ర పరోక్షంగా మొదలైంది. ముట్లుడిగిన తరువాత ఈ కణుతులు కుంచించుకుపోతాయని వైద్యులు గమనించారు. అలాగైతే ముట్లుడగడాన్ని ముందే తెప్పిస్తే? 1872లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ బాటీ, జర్మనీలో ఆల్ఫ్రెడ్ హేగర్, ఇంగ్లండులో లాసన్ టెయిట్ వేర్వేరు కారణాలతో అండాశయాలను తొలగించారు. 1876లో మాంట్రియల్‌కు చెందిన ట్రెన్‌హోమ్, ఫ్రైబుర్గ్‌లోని హేగర్ దాన్ని కణుతుల రక్తస్రావానికి ప్రయోగించారు. రక్తస్రావం ఆగింది, కణుతులు తగ్గాయి. అండాశయం ఏదో పదార్థాన్ని రక్తంలోకి వదులుతుందన్న ఊహ బలపడకముందే, "హార్మోను" అన్న మాట పుట్టకముందే, హార్మోనును తొలగించే చికిత్స ఈ విధంగా అమల్లోకి వచ్చింది.

ఈ ఆపరేషను అచిరకాలంలోనే అదుపు తప్పింది. కణుతులకే పరిమితం కాక, ఉన్మాదం, మూర్ఛ, "నరాల బలహీనత" వంటి ముద్రలు పడిన స్త్రీల ఆరోగ్యవంతమైన అండాశయాలను కూడా తొలగించారు. 1890ల నాటికి వైద్యుల్లోనే నిరసన పెరిగింది. 20వ శతాబ్ది ఆరంభంలో ఎక్స్-కిరణాలు వచ్చాక అదే పని కత్తి లేకుండా జరిగింది. ఫ్రైబుర్గ్‌లో క్రోనిగ్, గౌస్ కణుతులున్న స్త్రీలకు కిరణచికిత్స చేశారు. కిరణాలు కణుతిని కరిగిస్తున్నాయని భావించినా, జరిగిన పనిలో ప్రధానభాగం అండాశయాలను నిర్వీర్యం చేయడమే.

ఇదే కాలంలో లండనులో విక్టర్ బోనీ గర్భాశయాన్ని ఉంచి కణుతిని మాత్రమే తీసే పద్ధతికి జీవితాన్ని అంకితం చేశాడు. ఆయన భార్యకు వివాహమైన కొద్దికాలానికే కణుతి కారణంగా గర్భాశయం తొలగించారని, వారికి సంతానం లేకపోయిందని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆయన 1946లో వెలువరించిన గ్రంథం ఆ పద్ధతిలోని సూక్ష్మాంశాలకు సంబంధించినది. శస్త్రచికిత్స చరిత్రలో "తీసివేయడం", "ఉంచడం" అన్న రెండు దృక్పథాల ఘర్షణ అక్కడ స్పష్టంగా కనబడుతుంది. మందుల చరిత్రలోనూ ఇదే ఘర్షణ వేరే వేషంలో సాగింది.

4. ఈస్ట్రోజెన్ మీద నేరారోపణ:

1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ "హార్మోను" అన్న పదాన్ని ప్రవేశపెట్టాడు. 1929లో అమెరికాలో డోయిసీ, జర్మనీలో బుటెనాంట్ ఈస్ట్రోన్‌ను వేరుచేశారు. 1934లో ప్రొజెస్టిరాన్ శుద్ధరూపంలో లభించింది. 1930ల చివర చిలీ రాజధాని శాంటియాగోలో అలెగ్జాండర్ లిప్‌షుట్జ్ గినీపందులకు ఈస్ట్రోజెన్‌ను నిరంతరంగా ఇచ్చి వాటి ఉదరంలో నారకణుతులు పుట్టించాడు. ప్రొజెస్టిరాన్ కూడా ఇస్తే ఆ కణుతులు పుట్టలేదు.

ఈ ప్రయోగం నుండి వైద్యలోకం ఒక సరళమైన కథ అల్లుకుంది: ఈస్ట్రోజెన్ పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ అణచుతుంది. 1946లో గుడ్‌మన్ కొద్దిమంది రోగులకు ప్రొజెస్టిరాన్ ఇచ్చి కణుతులు తగ్గాయని ప్రకటించాడు. తరువాతి పరిశీలనలు దీన్ని నిలకడగా సమర్థించలేదు. అయినా కథ బలమైనది కావడంతో ప్రొజెస్టిరాన్ జాతి మందులు దశాబ్దాలపాటు కణుతుల రక్తస్రావానికి ఇవ్వబడ్డాయి. గినీపంది ఉదరంలో పుట్టిన నారకణుతి స్త్రీ గర్భాశయంలోని కండరకణుతి కాదు. ఒక జంతువులో దొరికిన పోలికను మనిషికి అన్వయించి నలభై ఏళ్లు నమ్మడం శాస్త్రచరిత్రలో కొత్త కాదు. మన సాహిత్యచరిత్రలోనూ ఒకరు చేసిన కాలనిర్ణయాన్ని పునఃపరిశీలన లేకుండా తరాలు వల్లించిన సందర్భాలున్నాయి.

పురుషహార్మోనులకు దగ్గరైన డనజాల్ 1970లలో ఎండోమెట్రియోసిస్ కోసం వచ్చి కణుతులకూ వాడబడింది. మొటిమలు, అవాంఛిత రోమాలు, గొంతు మారడం వంటి ఫలితాలు దాన్ని వెనక్కి నెట్టాయి.

5. పీయూషగ్రంథిని మొద్దుబార్చడం:

అండాశయాన్ని ముట్టకుండా, దానికి ఆజ్ఞలిచ్చే వ్యవస్థను ఆపడం తరువాతి మలుపు. ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్ పరస్పరం పోటీపడుతూ, లక్షలాది పందుల, గొర్రెల మెదడు ముక్కలను వడబోసి, 1971లో జి.ఎన్.ఆర్.హెచ్. నిర్మాణాన్ని వెల్లడించారు. 1977 నోబెల్ బహుమతిలో ఇద్దరికీ భాగం దక్కింది. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ ప్రయోగశాల ఒక విచిత్రాన్ని చూపింది. ఈ హార్మోను గంటగంటకూ విడతలుగా అందితేనే పీయూషగ్రంథి స్పందిస్తుంది. ఎడతెగకుండా అందితే మొద్దుబారిపోతుంది. ఈ గుణాన్నే మందుగా మలిచారు. 1983లో ఫిలికోరి బృందం ఈ జాతి మందుతో గర్భాశయ కణుతి తగ్గిన తొలి ఉదాహరణను ప్రచురించింది.

1991లో ఫ్రీడ్‌మన్ తదితరులు 128 మంది స్త్రీలపై నడిపిన ట్రయల్ ఫలితాలు వెలువడ్డాయి. ల్యూప్రొలైడ్ డిపో ఇంజెక్షన్ తీసుకున్నవారికి గర్భాశయ పరిమాణం 12 వారాలకు 36 శాతం, 24 వారాలకు 45 శాతం తగ్గింది. మందు మానిన 24 వారాల్లో గర్భాశయం తిరిగి పూర్వపు పరిమాణానికి చేరింది. ఈ చివరి వాక్యంలోనే ఈ చికిత్స బలహీనత అంతా ఉంది. మందు పనిచేసినంతకాలం స్త్రీ కృత్రిమంగా ముట్లుడిగిన స్థితిలో ఉంటుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, అన్నింటికీ మించి ఎముకలు గుల్లబారడం. అందుచేత ఆరునెలలకు మించి వాడరాదన్న హద్దు వచ్చింది. 1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని ఆపరేషనుకు ముందు, ఐరన్‌తో పాటు, రక్తహీనతను సరిచేయడానికి అనుమతించింది. అంటే ఈ మందు ఆపరేషనుకు పోటీగా కాక దానికి సహాయకారిగా నిలిచింది. బాటీ కత్తితో చేసినదాన్ని ఇది సూదితో, తిరిగి వెనక్కి తీసుకోగల రీతిలో చేసింది. ఆ "వెనక్కి తీసుకోగలగడం" స్త్రీకి వరం, కణుతికీ వరమే.

ఎముకల నష్టం పూడ్చడానికి కొద్దిపాటి హార్మోనులను తిరిగి కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. ఈ ప్రయత్నంలో అనుకోని సంగతి బయటపడింది. ఇంజెక్షనుతో పాటు మొదటినుండీ ప్రొజెస్టిరాన్ జాతి మందును కలిపితే గర్భాశయం ఆశించినంత తగ్గడం లేదు. అణచుతుందనుకున్న హార్మోను కణుతి పక్షాన నిలబడుతోందన్నమాట.

6. ప్రొజెస్టిరాన్ మీద పునర్విచారణ:

ఈ అనుమానానికి ఆధారం అప్పటికే సిద్ధంగా ఉంది. 1989లో జపానుకు చెందిన కవాగుచి బృందం ఆపరేషనులో తీసిన కణుతులను ముట్టుచక్రంలోని దశలవారీగా పరిశీలించి, ప్రొజెస్టిరాన్ అధికంగా ఉండే రెండవ దశలోనే కణవిభజన ఎక్కువగా ఉన్నట్లు చూపింది. ఈస్ట్రోజెన్ ఒక్కటే నేరస్థురాలైతే ఇలా ఉండకూడదు. 2010లో బులున్ బృందం మానవ కణుతి కణజాలాన్ని ఎలుకల్లో నాటి, ఈస్ట్రోజెన్ ఒంటరిగా దాన్ని పెంచలేకపోతోందని, ప్రొజెస్టిరాన్ తోడైతేనే పెరుగుతోందని, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలను తనవైపు సిద్ధం చేయడమే ఈస్ట్రోజెన్ పని అని వివరించింది.

ఈ రెండింటి నడుమ, 1993లో, కాలిఫోర్నియాలో మర్ఫీ, యెన్ తదితరులు ఫ్రాన్సులో రూపొందిన ప్రొజెస్టిరాన్ నిరోధకం మిఫెప్రిస్టోన్‌ను పదిమంది స్త్రీలకు రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడునెలలు ఇచ్చారు. కణుతుల పరిమాణం 49 శాతం తగ్గింది. ఈ ఫలితం ల్యూప్రొలైడ్‌కు తీసిపోదు. పైగా ఈస్ట్రోజెన్ పూర్తిగా అడుగంటలేదు. అయితే ఇది గర్భస్రావానికి వాడే మందు. అమెరికాలో దాని చుట్టూ అలముకున్న రాజకీయం వల్ల కణుతుల మందుగా దానికి రావలసినంత పరిశోధన రాలేదు. ఒక మందు భవితవ్యాన్ని దాని రసాయనం కంటే దాని పేరు నిర్ణయించిన సందర్భమిది.

ఆ ఖాళీలోకి యులిప్రిస్టల్ ప్రవేశించింది. 2012 ఫిబ్రవరిలో దోనే నాయకత్వంలో రెండు ట్రయల్స్ ఫలితాలు ప్రచురితమయ్యాయి. వీటిలో రెండవది హార్మోను చికిత్సల తులనాత్మక చరిత్రలో విశిష్టమైనది. ఉత్తుత్తి మాత్రతో పోల్చి "మా మందు పనిచేస్తుంది" అనడం తేలిక. అప్పటికే స్థిరపడ్డ మరొక మందుతో ముఖాముఖి పోల్చడం కష్టం. ఈ ట్రయల్ ఆ పని చేసింది. రక్తస్రావం అదుపులోకి వచ్చినవారు యులిప్రిస్టల్ 5 మిల్లీగ్రాముల వర్గంలో 90 శాతం, 10 మిల్లీగ్రాముల వర్గంలో 98 శాతం, ల్యూప్రొలైడ్ వర్గంలో 89 శాతం. ముట్టు ఆగడానికి పట్టిన మధ్యమకాలం వరుసగా 7, 5, 21 రోజులు. తీవ్రమైన లేదా మధ్యస్థమైన ఆవిర్లు యులిప్రిస్టల్ వర్గాల్లో 11, 10 శాతం మందికి. ల్యూప్రొలైడ్ వర్గంలో 40 శాతం మందికి. గర్భాశయ పరిమాణం మాత్రం యులిప్రిస్టల్‌తో సుమారు 20 శాతమే తగ్గింది, ల్యూప్రొలైడ్‌తో 47 శాతం తగ్గింది.

ఈ అంకెలను చదివే విధానం మీదే తీర్పు ఆధారపడి ఉంటుంది. పరిమాణమే కొలమానమైతే ల్యూప్రొలైడ్‌దే గెలుపు. రక్తస్రావం కొలమానమైతే రెండూ సమానం. ఆ మూడునెలలు స్త్రీ ఎలా నిద్రపోయింది, ఎలా పనిచేసుకుంది అన్నది కొలమానమైతే యులిప్రిస్టల్ ముందుంటుంది. 1876లో హేగర్‌కు, 1991లో ఫ్రీడ్‌మన్‌కు ప్రధానంగా కనిపించింది కణుతి పరిమాణం. 2012 నాటికి ప్రశ్న కణుతి నుండి స్త్రీ వైపు కొంత జరిగింది. ఈ జరగడం నా దృష్టిలో ఏ ఒక్క మందు ఆవిష్కరణకంటే ముఖ్యమైన మార్పు.

యులిప్రిస్టల్ కథ మాత్రం అక్కడితో సుఖాంతం కాలేదు. వేలమందిపై ట్రయల్స్ చేసినా కనబడని ప్రమాదం లక్షలమంది వాడినప్పుడు బయటపడింది. అరుదుగా కొందరికి కాలేయం తీవ్రంగా దెబ్బతిని, కాలేయ మార్పిడి దాకా వెళ్లింది. ఐరోపా సంస్థ 2018లో ఆంక్షలు పెట్టింది. ఆ ఏడాది ఆగస్టులోనే అమెరికా అనుమతి నిరాకరించింది. 2020 మార్చిలో ఐరోపాలో మందును తాత్కాలికంగా నిలిపివేసి, నవంబరులో శస్త్రచికిత్స తగని లేదా ఫలించని, ఇంకా ముట్లుడగని స్త్రీలకు మాత్రమే పరిమితం చేశారు. అంతకుముందు ఇదే జాతికి చెందిన అసోప్రిస్నిల్, తరువాత విలాప్రిసాన్ అభివృద్ధి దశలోనే ఆగిపోయాయి. శాస్త్రపరంగా ప్రొజెస్టిరాన్ వాదం గెలిచింది. మందుల అంగడిలో ఓడింది. ఈ రెండూ ఒకే దశాబ్దంలో జరిగాయి.

7. నడిమి దారి - పరికరం, మాత్ర:

లెవోనార్జెస్ట్రెల్ పరికరం 1990లో ఫిన్లండులో గర్భనిరోధకంగా వచ్చింది. 52 మిల్లీగ్రాముల హార్మోనును ఏళ్ల తరబడి గర్భాశయపు లోపొరకే కొద్దికొద్దిగా వదులుతుంది. అధిక రక్తస్రావానికి చికిత్సగా దీన్ని అమెరికా 2009లో ఆమోదించింది. కణుతి పరిమాణాన్ని ఇది పెద్దగా తగ్గించదు, రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. గర్భాశయపు లోపలి కుహరాన్ని వంకరచేసిన కణుతులకు పనికిరాదు. కణుతులున్నవారిలో జారిపోయే అవకాశం కూడా ఎక్కువ. చిన్న కణుతి, పెద్ద రక్తస్రావం ఉన్న స్త్రీకి ఇది ఉచితమైన దారి. మన దేశంలో లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ఆర్మెలాక్సిఫీన్ కూడా గర్భనిరోధకంగా పుట్టి అధిక రక్తస్రావానికి వాడుకలోకి వచ్చింది. స్టిరాయిడ్ కాని ఈ మాత్ర మన సొంత ఆవిష్కరణ. అయినా దీన్ని గూర్చి తెలుగులో గర్భనిరోధక సందర్భంలో తప్ప చర్చ కనబడదు.

1992లో బార్బియరీ ఒక సూచన చేశాడు: ఈస్ట్రోజెన్‌ను పూర్తిగా అడుగంటించనక్కరలేదు, ఎముకలకు చాలినంత, కణుతికి చాలనంత స్థాయి ఒకటి ఉంటుంది. ముప్పై ఏళ్ల తరువాత ఈ సూచనే మాత్రగా వచ్చింది. ఎలగోలిక్స్ సమ్మేళనానికి 2020లో, రెలుగోలిక్స్ సమ్మేళనానికి 2021లో అమెరికా అనుమతి లభించింది. రెండవది రోజుకొక మాత్ర: అండాశయాన్ని నిద్రపుచ్చే మందు 40 మిల్లీగ్రాములు, దానితోపాటే ఎస్ట్రాడయాల్ 1 మిల్లీగ్రాము, నోరెథిండ్రోన్ అర మిల్లీగ్రాము. 2021లో ప్రచురితమైన జంట ట్రయల్స్‌లో రక్తస్రావం ఆశించిన మేరకు తగ్గినవారు 73, 71 శాతం. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 19, 15 శాతం. నొప్పి, రక్తహీనత తగ్గాయి. కణుతి పరిమాణంలో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. ఇరవై ఏళ్ల ముందైతే ఈ మందును విఫలమని పక్కన పెట్టేవారేమో. ఎముకల దృష్ట్యా దీనికీ అక్కడ 24 నెలల హద్దు ఉంది. రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి హెచ్చరికా ఉంది.

8. తెలుగు నేల - పోలిక జరగని చోటు:

2015-16 నాటి నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తొలగించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. 2019-21 నాటి అయిదవ సర్వేలోనూ ఈ రెండు రాష్ట్రాలే మొదటి రెండు స్థానాల్లో ఉన్నాయి, సుమారు 9, 8 శాతాలతో. ఆపరేషను నాటికి దేశంలో స్త్రీల మధ్యమ వయస్సు 34 ఏళ్లు. మూడింట రెండువంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. కారణంగా సగానికి పైగా స్త్రీలు అధిక రక్తస్రావం లేదా నొప్పి అన్నారు. కణుతులు లేదా తిత్తులు అన్నవారు ఐదింట ఒకవంతు.

ఈ అంకెలను పై చరిత్ర పక్కన పెట్టి చూడాలి. ముప్పై నాలుగేళ్ల స్త్రీకి ముట్లుడగడానికి ఇంకా పది పన్నెండేళ్లు ఉంటాయి. అండాశయాలను ఉంచినా గర్భాశయ తొలగింపు తరువాత ముట్లుడగడపు లక్షణాలు ముందుగా వచ్చే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. అండాశయాలు కూడా తీసివేస్తే ఆ మరునాటి నుండే. ల్యూప్రొలైడ్ ఆరునెలలు దాటితే ఎముకలకు చేటని నియమం పెట్టిన వైద్యశాస్త్రమే ఇక్కడ కొందరు స్త్రీలను జీవితాంతం ఆ స్థితిలోకి పంపింది. 2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పునిస్తూ, అనవసర గర్భాశయ తొలగింపుల నివారణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడునెలల్లో అమలుచేయాలని ఆదేశించింది. ఆ వ్యాజ్యం ప్రధానంగా బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లకు సంబంధించినదే అయినా ఆదేశం అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

ఇంతమాత్రాన ప్రతి ఆపరేషనూ అన్యాయమని చెప్పడం నా అభిప్రాయం కాదు. నెలకు పది రోజులు రక్తం పోతూ, కూలికి వెళ్లలేక, ఎక్కించుకున్న రక్తం నిలవక, "తీసేయండి" అని తానే అడిగే స్త్రీకి ఆ ఆపరేషను విముక్తి. బడికి, పొలానికి దగ్గరలో మరుగుదొడ్డి లేని ఊళ్లో ముట్టు ఆగిపోవడమే ఒక సౌకర్యం. చరకుడు చెప్పిన పరాధీనత, ఇతరుల సేవ ఇక్కడ వేరే అర్థంలో పనిచేస్తున్నాయి. పలుమార్లు ఆసుపత్రికి తిరగవలసిన మందుల చికిత్స కంటే ఒక్కసారితో తేలిపోయే ఆపరేషనునే కుటుంబం ఎంచుకుంటుంది. సమస్య ఏమంటే, ఎంచుకోవడానికి ముందు పోలిక జరగాలి. మందు ఎన్నాళ్లు, ఖర్చెంత, మానితే ఏమవుతుంది, తనకు ముట్లుడగడానికి ఎన్నేళ్లున్నాయి, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అన్న ప్రశ్నలు ఆమె భాషలో ఆమె ముందుకు రావాలి. అంగీకారపత్రం మీద వేలిముద్ర పడేనాటికి అవి చాలాసార్లు రావు.

మా పెద్దమ్మకు 1998లో, ముప్పై ఆరో ఏట, గర్భసంచి తీశారు. "గడ్డ ఉంది, ఉంచితే ముప్పు" అన్న ఒక్క మాట తప్ప ఆమెకు మరేమీ చెప్పలేదు. అండాశయాలు కూడా తీశారని ఆమెకు తెలిసింది పదేళ్ల తరువాత, నడుము నొప్పికి వేరొక వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు. ఈ వ్యాసం కోసం నేను చదువుతున్నానని విని ఆమె అడిగింది: "ఏమ్మా, అప్పుడు మాత్రలేమైనా ఉండేవా?"

ఈ ప్రశ్నకు చారిత్రకంగా నిజాయతీగల సమాధానం చెప్పాలి. రెలుగోలిక్స్ లేదు. యులిప్రిస్టల్ లేదు. ల్యూప్రొలైడ్ ఉంది, కాని అది ఆరునెలల మందు, మా ఊరికి అందనంత ఖరీదైన మందు, మానితే కణుతి తిరిగి వచ్చే మందు. ముట్లుడగడానికి పన్నెండేళ్లు ఉన్న మనిషికి అది దారి చూపేది కాదు. లెవోనార్జెస్ట్రెల్ పరికరానికి అమెరికాలోనే ఇంకా అనుమతి రాలేదు. ఐరన్ మాత్రలు, రక్తస్రావాన్ని తగ్గించే సాధారణ మందులు, ప్రొజెస్టిరాన్ జాతి మాత్రలు మాత్రం ఉన్నాయి. కణుతిని మాత్రమే తీసే బోనీ పద్ధతి అప్పటికే అర్ధశతాబ్దం పాతది. బహుశా చివరకు ఆమెకు ఆపరేషనే జరిగి ఉండేది. అండాశయాలు తీయవలసిన అవసరం ఉందో లేదో ఆమె కేసు షీటు లేకుండా ఎవరూ చెప్పలేరు. ఆ షీటు కోసం వెళితే, పాత రికార్డులు అయిదేళ్లకు మించి ఉంచమని ఆ ఆసుపత్రిలో చెప్పారు. ఇదంతా ఆమెకు తెలుగులో, మెల్లగా, ఒక మధ్యాహ్నమంతా చెప్పాను. ఆమె విని, "అండాశయమంటే గర్భసంచి కాదా?" అని అడిగింది.